రెండో ఆల్బంలో వాల్యూమ్ తగ్గించాం

2022 ఆగస్టులో ఒక రాత్రి నిద్ర పట్టక లేచి ఇల్లంతా తిరిగాను. ఎక్కడో కీచురాయి అరుస్తోంది. ఫ్రిజ్ ఆపి చూశాను. ఇన్వర్టర్ దగ్గర చెవి పెట్టి విన్నాను. బాల్కనీ తలుపు బిగించాను. మోత తగ్గలేదు. చివరికి రెండు చెవుల్లో వేళ్ళు పెట్టుకుంటే ఇంకా గట్టిగా వినబడింది. ఆ మోత బయటిది కాదని అప్పుడు తెలిసింది.

వారం తర్వాత ఈఎన్‌టీ డాక్టర్ చెవి పరీక్ష చేయించారు. అద్దాల గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్స్‌లో సన్నటి శబ్దాలు వినిపించి, వినబడినప్పుడల్లా బటన్ నొక్కమంటారు. కాగితం మీద గ్రాఫ్ వచ్చింది. గీత కొంతదూరం సాఫీగా వెళ్ళి, ఎడమ చెవికి 4000 హెర్ట్జ్ దగ్గర గుంటలా కిందికి దిగి, మళ్ళీ పైకి లేచింది. పెద్ద శబ్దాల వల్ల చెవి దెబ్బతింటే సరిగ్గా ఆ చుట్టుపక్కలే గుంట పడుతుందని డాక్టర్ చెప్పారు. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టుకునే సన్నటి రోమ కణాలు ఉంటాయి. అవి ఒకసారి చచ్చిపోతే మళ్ళీ పుట్టవు. ఆ హోరుకి మందు లేదు, అలవాటు పడాలి, ఇకముందు పెరగకుండా చూసుకోవాలి. ఆయన చెప్పింది ఇంతే. ఎడమ చెవే ఎందుకని అడగనక్కర్లేకపోయింది. పదేళ్ళుగా మా డ్రమ్మర్ సింబల్స్, అంటే ఆ పెద్ద కంచు పళ్ళేలు, నా ఎడమ పక్కనే ఉన్నాయి.

మేం నలుగురం, హెవీ మెటల్ బ్యాండ్. నాది గిటార్. హైదరాబాద్ సైనిక్‌పురిలో ఒక ఇంటి మేడ మీది గది మా జామ్ రూమ్, అంటే సాధన గది. గోడలకి పరుపులు కొట్టి, కిటికీలకి ప్లైవుడ్ బిగించి, లోపల రెండు గిటార్ ఆంప్‌లు, ఒక బాస్ ఆంప్, డ్రమ్స్ పెట్టుకున్నాం. 2019లో మా మొదటి ఆల్బం వచ్చింది. తొమ్మిది పాటలు. అన్నీ డ్రాప్ సి ట్యూనింగ్‌లో (గిటార్ తీగల్ని మామూలు కన్నా కిందికి దించి కట్టడం), అన్నీ గిటార్‌ని గరగరలాడించే డిస్టార్షన్‌తో, మాటలు ఇంగ్లిష్‌లో, గొంతు చించుకుని అరిచినవి. ఆ ఆల్బం అంటే నాకు ఇప్పటికీ ప్రాణం. దాన్ని తప్పుబట్టడానికి ఇది రాయడం లేదు.

డాక్టర్ దగ్గర నుంచి వచ్చిన మరుసటి ఆదివారం ఫోన్‌లో శబ్దం కొలిచే యాప్ వేసుకుని జామ్ రూమ్‌కి వెళ్ళాను. పాట మధ్యలో అది 106 డెసిబెల్స్ చూపించింది. ఫోన్ యాప్ కొలత కచ్చితంగా ఉండదు, కానీ అందాజు తెలుస్తుంది. 85 డెసిబెల్స్ అయితే రోజుకి 8 గంటలు తట్టుకోవచ్చు అంటారు. అక్కడి నుంచి ప్రతి 3 డెసిబెల్స్‌కి సమయం సగానికి పడిపోతుంది. 88కి 4 గంటలు, 91కి 2 గంటలు, 100కి 15 నిమిషాలు. అలా లెక్క వేస్తూ పోతే 106కి నాలుగు నిమిషాలు కూడా రావు. మేం వారానికి మూడుసార్లు, ఒక్కోసారి మూడు గంటలు వాయించేవాళ్ళం.

ఆ లెక్క తెల్లబోర్డు మీద రాసి ముగ్గురికీ చూపించాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత బాసిస్ట్ తనకి కూడా షో అయిన రాత్రి చెవులు గుయ్యిమంటాయని, పొద్దునకి తగ్గిపోతుంది కదా అని ఎవరికీ చెప్పలేదని అన్నాడు. అందరం సంగీతకారుల కోసం చేసే ఇయర్ ప్లగ్స్ కొనుక్కున్నాం. దూది పెట్టుకున్నట్టు మొద్దుగా కాకుండా, అన్ని స్వరాలనీ ఇంచుమించు ఒకే మోతాదులో తగ్గిస్తాయి అవి. హెవీ బ్యాండ్‌లో ఉన్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఇది చదువుతుంటే మొదట ఆ ప్లగ్స్ కొనుక్కోండి. గిటార్ శబ్దం మార్చే కొత్త పెడల్ తర్వాత కొనుక్కోవచ్చు.

ప్లగ్స్ ఉంటే పాత పద్ధతిలోనే వాయించవచ్చు కదా అని డ్రమ్మర్ అడిగాడు. న్యాయమైన ప్రశ్న. రెండో ఆల్బం మెత్తగా చేయాలన్న కోరిక నాకు చెవి వల్ల మాత్రమే పుట్టలేదు. రాత్రిళ్ళు ఇంట్లో ఆంప్ లేకుండా ఎలక్ట్రిక్ గిటార్ ఒళ్ళో పెట్టుకుని వాయించుకునేవాణ్ణి. ఆ ఉత్త తీగల చప్పుడులో పుట్టిన రిఫ్‌లు (పాటలో మళ్ళీ మళ్ళీ వచ్చే గిటార్ ముక్కలు) మర్నాడు జామ్ రూమ్‌లో డిస్టార్షన్ వేయగానే వేరేవి అయిపోయేవి. బాగానే ఉండేవి, కానీ నేను రాత్రి విన్నవి కావు. రెండేళ్ళుగా అది మనసులో ఉంది. చెవి దానికి తొందర పెట్టింది.

"మామా, అయితే నన్ను తీసేసి తబలా పెట్టుకో," అన్నాడు డ్రమ్మర్. కోపంగా కాదు, బాధగా అన్నాడు. ఆ మాట చాలా రోజులు నాతో ఉండిపోయింది.

మొదట చేసిన పని ఘోరంగా విఫలమైంది. పాత పాటలనే తీసుకుని, అకూస్టిక్ గిటార్‌తో, నెమ్మదిగా వాయించి చూశాం. అస్థిపంజరం బయటపడింది. డిస్టార్షన్ ఏం చేస్తుందో నాకు అప్పటిదాకా సరిగా తెలియదు. అది మీటిన స్వరాన్ని నలిపి, పెద్ద శబ్దానికీ చిన్న శబ్దానికీ మధ్య తేడా చెరిపేస్తుంది. లేని పై స్వరాలని పుట్టిస్తుంది. రెండు మూడు క్షణాల్లో చచ్చిపోవాల్సిన తీగని చాలాసేపు బతికిస్తుంది. అందుకే హెవీ గిటార్‌లో రెండు స్వరాలు చాలు, ఆధార స్వరం, దాని పంచమం. పవర్ కార్డ్ అంటే అదే. మధ్యలో గాంధారం పెడితే డిస్టార్షన్‌లో బురద అవుతుంది. కానీ డిస్టార్షన్ తీసేస్తే ఆ రెండు స్వరాల మధ్య అంతా ఖాళీ. నా చెయ్యి ఎంత ముతకగా వాయిస్తుందో, ఏ వేలు ఎక్కడ ఆలస్యంగా పడుతుందో అంతా వినబడింది. గట్టిగా వాయించడానికి పదేళ్ళు సాధన చేశాను. మెల్లగా వాయించడం రోజూ అరగంట, మెట్రోనోమ్ 50 మీద పెట్టుకుని, ఒకే స్వరాన్ని ఒకే బరువుతో మీటడం దగ్గర నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది.

ఆ నెలల్లో ఒక పాట పదేపదే విన్నాను. ఇంగ్లండ్ బ్యాండ్ బ్లాక్ సబ్బాత్ రెండో ఆల్బం 'పారనాయిడ్'లో 'ప్లానెట్ కారవాన్'. 1970లోనే, అదీ హెవీ మెటల్‌కి పునాది వేసిన ఆల్బంలోనే, రెండు భీకరమైన పాటల మధ్య ఈ నిదానమైన పాట ఉంది. డ్రమ్స్ బదులు చేత్తో కొట్టే వాయిద్యాలు. గాయకుడు ఓజీ ఆస్బోర్న్ గొంతుని లెస్లీ స్పీకర్ గుండా పంపారు. హామండ్ ఆర్గన్ కోసం చేసిన పెట్టె అది. లోపల కొమ్ము గుండ్రంగా తిరుగుతూ ఉంటే శబ్దం దగ్గరికి వస్తూ దూరమవుతూ వణుకుతుంది. మనిషి నీళ్ళ అడుగు నుంచి పాడినట్టు ఉంటుంది. గిటారిస్ట్ టోనీ అయోమీ చేతి వేళ్ళు రెండు బర్మింగ్‌హామ్‌లో రేకుల ఫ్యాక్టరీలో పనిచేసేటప్పుడు కొసలు తెగిపోయాయి. ప్లాస్టిక్ తొడుగులు పెట్టుకుని వాయించాడు. శరీరం అడ్డుపడితే దాని చుట్టూ వేరే దారి కట్టుకున్న మనిషి అని నాకు ఆయన మీద వేరే గౌరవం ఏర్పడింది. మన దగ్గర కూడా ముందే దారి వేసినవాళ్ళు ఉన్నారు. కొచ్చి బ్యాండ్ మదర్‌జేన్ 2008లో తెచ్చిన రెండో ఆల్బం 'మక్తూబ్'లో గిటార్ గమకాలు పలుకుతుంది. కాలేజీ రోజుల్లో విన్నప్పుడు దాని వేగం మాత్రమే పట్టింది నాకు. ఈసారి ఆ జారుళ్ళు విన్నాను.

2023 మార్చిలో విజయనగరం వెళ్ళాను. మా పిన్ని అక్కడ వీణ నేర్పుతుంది. నేను వెళ్ళింది పెళ్ళి పనికి, సంగీతానికి కాదు. గిటార్ మాత్రం వెంట ఉంది. మధ్యాహ్నం అరుగు మీద కూర్చుని పాత పాట రిఫ్ ఒకటి మెల్లగా వాయించుకుంటున్నాను. మొదటి ఆల్బంలో అన్నిటికన్నా బరువైన పాట అది. లోపల బియ్యం ఏరుతున్న పిన్ని చేట పక్కన పెట్టి వచ్చి నిలబడింది.

"ఒరే నాన్నా, ఇది రేవతి కదురా?"

"ఏటి పిన్నీ?"

"రేవతి రాగం. స రి మ ప ని. శుద్ధ రిషభం, గాంధారం లేదు, ధైవతం లేదు. వేదం చదివినట్టు ఉంటాది. నీకు ఎవరు నేర్పారు?"

ఎవరూ నేర్పలేదు. హెవీ సంగీతంలో ఆధార స్వరం పక్కనే ఉన్న అర స్వరం వాడితే భయం పుడుతుందని చేత్తో తడుముకుంటూ కనిపెట్టుకున్నది అది. సి, డి ఫ్లాట్, ఎఫ్, జి, బి ఫ్లాట్. మేం భయం కోసం పెట్టుకున్న అయిదు స్వరాల్లో మా పిన్నికి వేదపఠనం వినబడింది.

ఆవిడ వీణ తెచ్చింది. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో, ఒకే పనస దుంగ తొలిచి చేసిన ఏకాండి వీణ. నేను చిన్నప్పటి నుంచి చూస్తున్నదే, కానీ ఎప్పుడూ అడగని ప్రశ్న ఆరోజు అడిగాను. ఈ తీగలు ఏ స్వరాలకి కడతారు? వాయించే తీగలు నాలుగూ స, ప, స, ప. పక్కన తాళానికి ఉన్న మూడు తీగలు స, ప, స. నా గిటార్ డ్రాప్ సిలో ఉంది. దాని కింది మూడు తీగలు సి, జి, సి. అంటే స, ప, స. మేం పదేళ్ళుగా పరుపులు కొట్టిన గదిలో 106 డెసిబెల్స్‌తో వాయించిన పవర్ కార్డ్, పిన్ని చిటికెన వేలితో తాళం వేసే ఆ మూడు తీగలూ ఒకటే. ఆ రాత్రి నేను డ్రమ్మర్‌కి ఫోన్ చేసి గంట మాట్లాడాను. పెళ్ళిలో నేను పెద్దగా ఎవరికీ కనబడలేదు.

అలా రెండో ఆల్బంకి దారి దొరికింది. పాత రిఫ్‌లు పారేయక్కర్లేదు. వాటి మీద కప్పిన దుప్పటి తీస్తే చాలు.

ఏప్రిల్ ఆఖరికి నలుగురం గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో విశాఖపట్నం దిగి, అక్కడి నుంచి సామానుతో విజయనగరం చేరాం. వీణని హైదరాబాద్ తీసుకెళ్ళడం కన్నా మేమే వీణ దగ్గరికి వెళ్ళడం మంచిదని పిన్ని తేల్చి చెప్పింది. మెట్లు మైనంలో కూర్చోబెట్టి ఉంటాయి. ఎండలో, లారీలో ఆ మైనం మెత్తబడితే శ్రుతి మొత్తం చెడుతుంది. మాకు పదిహేను రోజుల సెలవు దొరికింది. పెంకుటిల్లు, మధ్య గది, పక్కా గోడలు. లాప్‌టాప్, ఎనిమిది ఛానెళ్ళ ఆడియో ఇంటర్‌ఫేస్, రెండు కండెన్సర్ మైకులు, ఒక ఎస్ఎమ్ 57 మైకు, బీరువా నిండా పిన్ని చీరలు. ఆ బీరువా తలుపులు తెరిచి పెడితే గదిలో ప్రతిధ్వని బాగా తగ్గింది.

మొదటి రోజు గిటార్ తగిలించగానే గుయ్యిమని మోత. హెవీ వాయించే రోజుల్లో నాయిస్ గేట్ అనే పెడల్ స్వరానికీ స్వరానికీ మధ్య ఆ మోతని నొక్కేసేది. ఇప్పుడు స్వరం మెల్లగా ఆరిపోవాలి, ఆరిపోయే చోట మోత ఉంటే పాట చచ్చిపోతుంది. ఆ మోత రెండు రకాలని తెలుసుకోవడానికి ఒక పూట పట్టింది. ఒకటి గిటార్‌లో తీగల కదలికని పట్టే సింగిల్ కాయిల్ పికప్ పట్టుకునే 50 హెర్ట్జ్ మోత. ట్యూబ్‌లైట్ చోక్ నుంచి, ఇన్వర్టర్ నుంచి గాల్లో వస్తుంది. గిటార్‌తో కుర్చీలో మెల్లగా గుండ్రంగా తిరిగితే ఒక దిక్కులో అది బాగా తగ్గిపోతుంది. మా గదిలో ఆ దిక్కు ఈశాన్యం. ఆల్బం మొత్తం నేను ఆ మూలకి మొహం పెట్టి వాయించాను. రెండోది ఎర్తింగ్ మోత. తీగల మీద చెయ్యి వేస్తే తగ్గుతుంది, తీస్తే పెరుగుతుంది. ఎలక్ట్రీషియన్ వచ్చి పెరట్లో ఎర్త్ గుంత తవ్వి చూస్తే మట్టి ఎండి పగుళ్ళు వారి ఉంది. బొగ్గు, ఉప్పు వేసి, కడవల కొద్దీ నీళ్ళు పోశాం. ఆ తర్వాత రోజూ పొద్దున్నే మొక్కలతో పాటు ఎర్త్ గుంతకి కూడా నీళ్ళు పోయడం మా బాసిస్ట్ పని. మర్చిపోయిన రోజున రికార్డింగ్‌లో తెలిసిపోయేది.

శ్రుతి కుదర్చడం ఇంకో ముడి. నా గిటార్ సి, అంటే ఒకటో శ్రుతి. పిన్ని వీణ రెండున్నర. వీణని కిందికి దించితే తీగలు వదులై నాదం పోతుంది. గిటార్‌కి మూడో మెట్టు మీద కాపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కి పట్టే క్లిప్పు) పెడితే సరిగ్గా రెండున్నరకి వచ్చింది. తీగలు లావువి, కాపో కింద బిగుసుకుని, గంటలాంటి నాదం వచ్చింది. వెతికి తెచ్చుకుంటే దొరికే శబ్దం కాదు అది. పాటల్లో ఎక్కడైనా గాంధారం తగిలితే మాత్రం తంబూరాతో గిట్టేది కాదు. ఎందుకంటే తంబూరా తీగ లోంచి తనంతట తాను పుట్టే అంతర గాంధారం, గిటార్ మెట్ల మీద ఉండే గాంధారం కన్నా కొంచెం తక్కువలో ఉంటుంది. అర స్వరంలో ఏడో వంతు తేడా, అంటే అర స్వరాన్ని వంద భాగాలు చేస్తే పద్నాలుగు భాగాలు. మోతలో ఎవరికీ పట్టదు. నిశ్శబ్దంలో పంటి కింద రాయిలా తగులుతుంది. పాటల్లోంచి గాంధారాన్ని చాలామటుకు తీసేశాం. హెవీ గిటారిస్టుకి అది కష్టం కాలేదు, మేం ఎప్పుడూ వాడలేదు కదా.

వీణకి ఒక మైకు గుర్రం (తీగలు ఆనుకునే బ్రిడ్జి) వైపు, కొంచెం దూరంగా, ఇంకోటి మెట్ల పైన పెట్టాం. పిన్ని మొదటి టేకు నాలుగు నిమిషాలు ఆపకుండా వాయించి, "మళ్ళీ అదే కావాలా? అదే రాదు," అంది. మేం హెడ్‌ఫోన్స్‌లో టిక్ టిక్‌మని లయ చెప్పే క్లిక్ ట్రాక్ మీద ముక్కలు ముక్కలుగా వాయించి అతికించడానికి అలవాటు పడ్డవాళ్ళం. ఆవిడ కోసం క్లిక్ ఆపేశాం. మేమే ఆవిడ చెయ్యి చూస్తూ వాయించాం. తాళం తీగలు ఎప్పుడు మీటుతుందో ఆ వేలిని చూస్తూ వాయిస్తే, కంప్యూటర్ గడియారం కన్నా అదే బిగువుగా ఉంది.

డ్రమ్మర్ మొదటి నాలుగు రోజులూ అంటీముట్టనట్టే ఉన్నాడు. బ్రష్‌లతో వాయించాడు, మెత్తటి కర్రలతో వాయించాడు, స్నేర్ మీద తువ్వాలు పరిచి వాయించాడు. ఏదీ వాడికి నచ్చలేదు. అయిదో రోజు సాయంత్రం పిన్ని దగ్గరికి మృదంగం నేర్చుకునే కుర్రాడు వీణకి సాయం వాయించడానికి వచ్చాడు. వాడు మృదంగం ఎడమ మూతకి బొంబాయి రవ్వ తడిపి ముద్ద చేసి అంటించడం మావాడు చూశాడు. ఆ ముద్ద బరువుకి ఎడమ వైపు నాదం కిందికి దిగి గుమ్మని మోగుతుంది. వాయించడం అయ్యాక గీకి తీసేస్తారు.

మావాడు వంటింట్లోకి వెళ్ళి పిన్నిని రవ్వ అడిగాడు.

డ్రమ్స్‌లో నేల మీద నిలబెట్టే పెద్ద డ్రమ్ము, ఫ్లోర్ టామ్. దాని తోలు ప్లాస్టిక్‌ది, ముద్ద సరిగా అంటదు. నీళ్ళు ఎక్కువైతే జారుతుంది, తక్కువైతే ఎండి ఊడిపోతుంది. రాత్రి పదకొండు దాకా కొలతలు మార్చి మార్చి చూశాడు. కుదిరిన తర్వాత ఉన్ని చుట్టిన కర్రతో ఒక్క దెబ్బ వేశాడు. పెద్ద శబ్దం కాదు. కింద నేల లోంచి వచ్చినట్టు ఉంది. పక్కనున్న తోలుని బిగించి షడ్జానికి కలిపాడు, మృదంగం కుడి వైపులా. ప్రతి టేకుకీ కొత్త ముద్ద పెట్టాలి, మధ్యలో ఊడితే టేకు పోయినట్టే. ఆ పదిహేను రోజుల్లో రెండు కిలోల రవ్వ అయింది. ఆల్బంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన శబ్దం ఏదంటే ఆ ఫ్లోర్ టామే. వాడి మొహంలో వెలుగు చూసిన తర్వాతే నాకు ఈ ఆల్బం మా నలుగురిదీ అనిపించింది. అప్పటిదాకా నా చెవి కోసం ముగ్గురినీ ఈడ్చుకొచ్చానన్న దిగులు ఉండేది.

మాటలు తెలుగులో రాయాలన్నది మా గాయకుడి నిర్ణయం. అరిచేటప్పుడు ఏ భాష అయినా ఒకటే, మాట వినబడదు. మెల్లగా పాడితే ప్రతి అక్షరం వినబడుతుంది, అప్పుడు అబద్ధం చెప్పడం కష్టం అన్నాడు. ఇంకో సంగతి పాడుతుంటే తెలిసింది. తెలుగు మాటలు చాలామటుకు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి చివరి స్వరాన్ని ఎంతసేపైనా సాగదీయవచ్చు. ఇంగ్లిష్‌లో హల్లు దగ్గర నోరు మూసుకోవాల్సి వచ్చేది.

గొంతుకి లెస్లీ స్పీకర్ లాంటి వణుకు కావాలనుకున్నాం. దాన్ని అనుకరించే సాఫ్ట్‌వేర్ ప్లగిన్లు ఉన్నాయి, వాడి చూశాం, శుభ్రంగా ఉంది, మనసుకి పట్టలేదు. ఆ రాత్రి కరెంటు వచ్చిపోతోంది. టేబుల్ ఫ్యాన్ ముందు కూర్చుని మా గాయకుడు చిన్నపిల్లాడిలా "ఆ..." అన్నాడు. మనమందరం చిన్నప్పుడు చేసిన పనే. రెక్కలు గొంతుని ముక్కలు చేస్తాయి. వెంటనే మైకు ఫ్యాన్ వెనక పెట్టాం. పెద్ద స్పీడులో గొంతు జల్లెడ పట్టినట్టు గరగరలాడింది, పైగా గాలి హోరు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. ఫ్యాన్ నెమ్మదిస్తూ ఉంటే వాడు పాడుతూనే ఉన్నాడు. గరగర కాస్తా వణుకైంది, వణుకు ఊగిసలాట అయింది, ఊగిసలాట ఆగి ఉత్త గొంతు మిగిలింది. గాలి హోరు కూడా దాంతోపాటే సద్దుమణిగింది. లాప్‌టాప్, ఇంటర్‌ఫేస్ ఇన్వర్టర్ మీద ఉన్నాయి, ఫ్యాన్ లేదు కాబట్టి అదంతా రికార్డ్ అయింది.

తర్వాత మేం కావాలనే అలా చేశాం. ఫ్యాన్ వేగం అందుకోగానే స్విచ్ తీసేయడం, అది ఆగేలోపు ఒక లైను పాడటం. సుమారు 15 సెకన్లు. "తలుపు తీసే ఉంది, గాలి రాలేదు" అన్న లైను ఆ 15 సెకన్లకి సరిపోయేలా రాసిందే. ఒక్కో లైనుకి ముప్పై సార్లు ఫ్యాన్ వేసి ఆపి ఉంటాం. మే నెలలో, తలుపులు మూసిన గదిలో, మిగతా ఫ్యాన్లన్నీ ఆపేసి. చెమటకి హెడ్‌ఫోన్స్ జారిపోయేవి. ప్రతి అరగంటకీ పిన్ని మజ్జిగ పంపేది.

హైదరాబాద్ తిరిగి వచ్చాక మిక్సింగ్ నాలుగు నెలలు పట్టింది. ఈ దశలో నా చెవి నన్ను బాగా కుంగదీసింది. మొదటి ఆల్బం నేనే మిక్స్ చేశాను, ఇదీ చేయగలననుకున్నాను. మొదటి పాట ముగించి అందరికీ పంపితే, వీణ గోటి చప్పుడు చెవిలో గుచ్చుకుంటోందని, "స", "శ" అక్షరాలు బుస కొడుతున్నాయని ముగ్గురూ విడివిడిగా చెప్పారు. నాకు అవేవీ వినబడలేదు. గ్రాఫ్‌లో గుంట పడ్డ 4000 హెర్ట్జ్ దగ్గర నాకు తక్కువ వినబడుతుంది కాబట్టి, సరిపోలేదనుకుని అక్కడే పెంచుకుంటూ పోయాను. రెండు రోజులు ఆ ఫైలు తెరవలేదు. తర్వాత పద్ధతి మార్చాం. ఆ పై స్వరాల విషయంలో తుది మాట బాసిస్ట్‌ది. వాడు పక్కన కూర్చుని వింటూ చెయ్యెత్తితే నేను తగ్గిస్తాను. తెర మీద గ్రాఫ్ చూసి నేను సరిపోల్చుకుంటాను. వాల్యూమ్ ఎప్పుడూ మామూలు మాటల స్థాయి దాటనివ్వలేదు, గంటకోసారి పావుగంట విరామం. అలా చేసిన మిక్స్ మొదటి ఆల్బం కన్నా బాగుంది. ఈ మాట ఖాయంగా చెప్పగలను.

మాస్టరింగ్ (విడుదలకి ముందు పాటల స్థాయి సరిచేసే చివరి పని) చేసిన ఇంజనీర్‌ని ఒకటే అడిగాం, వాల్యూమ్ పెంచొద్దని. మొదటి ఆల్బంని ఇతర హెవీ పాటలతో పోటీగా పిండి పిండి పెంచాం. కానీ స్పాటిఫై లాంటి చోట్ల ఏ పాటనైనా మామూలుగా మైనస్ 14 ఎల్‌యూఎఫ్ఎస్ (పాట ఎంత గట్టిగా వినబడుతుందో కొలిచే లెక్క) అనే స్థాయి దగ్గరికి తెచ్చి వినిపిస్తారు. గట్టిగా పిండిన పాటని కిందికి దించేస్తారు. పిండినందుకు నష్టం ఉండిపోతుంది, గట్టిదనం మాత్రం దక్కదు. ఈసారి ఫ్యాన్ ఆగిపోయే చోట ఉన్న నిశ్శబ్దం నిశ్శబ్దంగానే ఉంది.

2024 ఫిబ్రవరిలో విడుదలైంది. ఏడు పాటలు, 38 నిమిషాలు. మొదటి ఆల్బం అభిమానుల్లో కొందరికి బాధ కలిగింది. పాత షోల్లో ముందు వరసలో తల ఊపే ఒక తమ్ముడు "అన్నా, మీరు ముసలోళ్ళు అయిపోయారా?" అని మెసేజ్ పెట్టాడు. అతనికి నా చెవి సంగతి మొత్తం రాశాను. మరుసటి రోజు ఇయర్ ప్లగ్స్ ఎక్కడ దొరుకుతాయని అడిగాడు. ఒక పబ్‌లో చేసిన మొదటి షో సాగలేదు. జనం తమ మాటల్లో ఉన్నారు, గ్లాసుల చప్పుడులో రవ్వ టామ్ వినబడనే లేదు. ఈ పాటలకి కూర్చుని వినే చోటు కావాలి. బంజారా హిల్స్‌లో లామకాన్ అనే సాంస్కృతిక కేంద్రం ఆవరణలో రాతి బండ పక్కన వాయించినప్పుడు ఆ చోటు దొరికింది. టేబుల్ ఫ్యాన్‌ని వేదిక మీద పెట్టుకున్నాం. స్విచ్ తీసేసి రెక్కలు నెమ్మదించే ఆ 15 సెకన్లు ఎవరూ కదల్లేదు. చివర్లో పాత రేవతి రిఫ్‌ని డిస్టార్షన్‌తో, ప్లగ్స్ పెట్టుకుని, ఒక్క పాట పూర్తి బరువుతో వాయించాం. రెండూ ఒకటే పాటని అప్పుడు జనం గుర్తుపట్టారు, మేం చెప్పకుండానే.

పిన్నికి ఆల్బం ఫోన్‌లో పంపాను. రెండు రోజుల తర్వాత ఫోన్ చేసింది. మూడో పాటలో ఒకచోట తన వేలు జారిందట, దాన్ని అలాగే ఎందుకు ఉంచావని అడిగింది. బాగుంది కాబట్టి ఉంచానన్నాను. కాసేపు ఆలోచించి, "సర్లే, ఉండనీ," అంది. తర్వాత మొదటి ఆల్బం కూడా పంపమంది.

మొన్న మళ్ళీ చెవి పరీక్ష చేయించుకున్నాను. కీచురాయి అలాగే అరుస్తోంది, రాత్రిళ్ళు దాని మీద సన్నగా తంబూరా పెట్టుకుని పడుకుంటున్నాను. ఎడమ చెవి గీత 4000 దగ్గర అదే గుంటలో ఉంది, కిందికి దిగలేదు. ఆ కాగితాన్ని జామ్ రూమ్‌లో తెల్లబోర్డు పక్కన అంటించాం. బోర్డు మీద పాత లెక్క ఇంకా చెరపలేదు.